బొబ్బిలి కోటలోని మరణాలు: ‘ఆత్మాహుతి’ అనే పదం - పరిశీలన

ప్రవేశిక

1757 జనవరి 24న బొబ్బిలి కోట పతనమైంది. ఒకవైపు ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి పెదవిజయరామరాజు, మరొకవైపు బొబ్బిలి ప్రభువు రంగారావు నిలిచిన ఈ యుద్ధం కావ్యంగా, జానపద వీరగాథగా, నాటకంగా, చలనచిత్రంగా తెలుగువారి జ్ఞాపకంలో నిలిచింది. కోట పడిపోకముందే లోపల జరిగిన స్త్రీల, పిల్లల మరణాలను మనం సాధారణంగా ‘ఆత్మాహుతి’ అంటాం. ఆ పదం ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఆర్మ్ కథనం

ఈ ఘటనపై ఎక్కువగా ఉదాహరింపబడే ఆంగ్ల కథనం రాబర్ట్ ఆర్మ్‌ది. ఆయన చరిత్ర రెండవ సంపుటం 1778లో వెలువడింది. కోట నిలవదని తేలాక, స్త్రీలు, పిల్లలు శత్రువుల చేత చిక్కకుండా చూడాలని రంగారావు తన ముఖ్యులతో నిశ్చయించాడనీ, నియమితులైనవారు బల్లేలు, దివిటీలు, బాకులతో వెళ్ళి ఇళ్ళకు నిప్పుపెట్టారనీ ఆర్మ్ రాశాడు. మంటల నుండి బయటపడబోయినవారిని పొడిచారని కూడా రాశాడు. చర్చకు కీలకం ఈ వివరమే. బయటపడబోయినవారు సమ్మతించినవారు కారు.

ఆర్మ్ ప్రత్యక్షసాక్షి కాడు. భయానకాన్ని రక్తి కట్టించే ధోరణి ఆయన రచనలో ఉంది. అయినా ఆయన లెక్కలు ఆలోచింపజేస్తాయి. మూడవనాటి రాత్రి డేరాలో హతుడైన విజయరామరాజు దేహంపై 32 పోట్లున్నాయని నమోదు చేసిన ఆ చరిత్రకారుడు, ఇళ్ళలో మరణించిన స్త్రీలలో ఒక్కరి పేరైనా చెప్పలేదు.

మౌఖిక సంప్రదాయం

ఆర్మ్ పేరు చెప్పని హంతకుని స్థానంలో జనశ్రుతి రాజాం వీరుడు తాండ్ర పాపారాయుణ్ణి నిలిపింది. రాణికి మల్లమ్మదేవి అనే పేరునూ, గొంతునూ ఇచ్చింది. ఇది గాథ సాధించిన గొప్ప విజయం. అయితే ఆ గొంతు పలికే ధైర్యమే క్రమంగా కోటలోని స్త్రీలందరి సమ్మతిగా స్థిరపడింది. దాసీలు, సిపాయిల భార్యలు, పసిపిల్లలు ఆమె నీడలో కనుమరుగయ్యారు. పసివాడి మరణాన్ని ఆత్మాహుతి అనడానికి ఏ అర్థమూ లేదు.

అదే కథనంలో మరో ఘట్టం ఉంది. ఒక వృద్ధుడు రంగారావు కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చి, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా కాపాడానని చెప్పి ఫ్రెంచివారికి అప్పగించాడు. అంటే ఆ ఆజ్ఞను ధిక్కరించినవారు కోటలోనే ఉన్నారు. ఆ బాలుడే తరువాత బొబ్బిలి ప్రభువైన చినరంగారావు. మనం కీర్తించేది ఆజ్ఞాపాలనను. వంశాన్ని నిలబెట్టినది ధిక్కారం.

ముగింపు

బొబ్బిలి వీరుల శౌర్యాన్ని తక్కువ చేయడం ఈ పరిశీలన లక్ష్యం కాదు. పరాజయానంతర అవమానం గురించిన వారి భయం నిరాధారమనీ చెప్పలేం. కాని భయం ఎవరిది, నిర్ణయం ఎవరిది, మరణం ఎవరిది అనే మూడు ప్రశ్నలనూ ‘ఆత్మాహుతి’ అనే ఒక్క పదం కలిపివేస్తుంది. బొబ్బిలి గాథను బోధించేటప్పుడు వీటిని విడదీసి చెప్పాలి. తామై ప్రాణత్యాగం చేసినవారికి ఆ పదం చెల్లుతుంది; తలుపు వైపు పరుగెత్తినవారికి చెల్లదు. వారిది హత్యే.