తరుగు లేని ఇరవై ఎనిమిది బైట్లు

ఇంజినీరింగ్ మూడో ఏడు, మైక్రోప్రాసెసర్ ల్యాబ్. 8086 అసెంబ్లీలో ఒకటీ రెండూ కూడి జవాబు తెర మీద చూపించమన్నారు. కూడిక ఒక్క వరసలో అయిపోయింది. వచ్చిన జవాబును డాస్‌కు అప్పజెప్పి, ప్రోగ్రాం నడిపించాను. తెర మీద 3 రాలేదు. పేకముక్కల్లో ఆఠీను గుర్తు ఉంటుందే, అది వచ్చింది, చిన్నదిగా, ముచ్చటగా. పక్క సిస్టం మీద కూర్చున్నవాడు తొంగిచూసి "ఎవరికిరా?" అన్నాడు. ఉక్రోషం కొద్దీ ఈసారి మూడూ నాలుగూ కూడాను. తెర మీద ఏమీ పడలేదు కానీ కంప్యూటర్ కుయ్‌మని అరిచింది. ల్యాబ్ మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూసింది.

తెలుగులో సంఖ్యకీ అంకెకీ తేడా ఉంది. మామూలు మాటల్లో రెండింటినీ కలిపేస్తాం గానీ అసెంబ్లీ రాసేవాడు కలిపితే ఇదుగో, ఆఠీను వస్తుంది. రిజిస్టర్‌లో ఉన్నది సంఖ్య. తెరకు కావలసింది అంకె, అంటే ఒక బొమ్మ. ఆస్కీ పట్టికలో 3 అనే బొమ్మ ఉన్నది 51వ గదిలో, హెక్స్‌లో చెప్పాలంటే 33లో. ఐబీఎం పీసీ అక్షరాల పట్టికలో మూడో గదిలో ఉన్నది ఆఠీను. ఏడో గదిలోనూ ఒక బొమ్మ ఉంది గానీ, డాస్ దాన్ని వెయ్యదు, గంట కొడుతుంది. నేను సంఖ్యను పంపి అంకె వస్తుందని చూస్తూ కూర్చున్నాను. సీ భాషలో ప్రింట్‌ఎఫ్ అని రాసేవాళ్లకూ, పైథాన్‌లో ప్రింట్ అని రాసేవాళ్లకూ ఈ మార్పిడి ఎవరో ముందే చేసిపెట్టారు. అసెంబ్లీలో ఆ ఎవరో మనమే.

ఈ మార్పిడిని చాలా చోట్ల చాలా రకాలుగా రాసి ఉండగా చూశాను. నేను రాసినవి చెప్పుకోదగ్గవి కావు. కానీ ఒకచోట చదివిన 28 బైట్లు మాత్రం ఇన్నేళ్లయినా మనసులోంచి పోలేదు. 1976లో వచ్చిన యాపిల్-1 కంప్యూటర్ కోసం స్టీవ్ వోజ్నియాక్ రాసిన మానిటర్ ప్రోగ్రాంలో చిట్టచివర ఉంటాయి అవి.

ఆ మానిటర్ మొత్తం 256 బైట్లు. అంతకు మించి రాయడానికి చోటు లేదు. దాన్ని రెండు చిన్న ప్రామ్ చిప్పుల్లో కాల్చి పెట్టారు. ఒక్కో చిప్పులో 256 గదులు, గదికి నాలుగే బిట్లు. ఒకటి బైట్‌లో పై సగం ఇస్తే రెండోది కింది సగం ఇస్తుంది. కీబోర్డు నుంచి వరస చదవడం, మెమరీ చూపించడం, మెమరీలో రాయడం, ప్రోగ్రాంను నడిపించడం, అన్నీ అందులోనే. అంతకు ముందు ఏడాది వచ్చిన ఆల్టెయిర్ 8800లో ఒక బైట్ విలువ చూడాలంటే ముందు పలక మీద దీపాలు ఏవి వెలుగుతున్నాయో లెక్కపెట్టుకోవాలి. వోజ్నియాక్ కీబోర్డూ తెరా ఉన్న యంత్రం చేశాడు. తెర ఉంది కాబట్టి అంకెలు కావలసి వచ్చాయి. అసెంబ్లర్ కూడా లేకుండా, కాగితం మీద ఆదేశాలు రాసుకుని, పక్కనే తానే హెక్స్‌లోకి మార్చుకుంటూ రాశాడు. ప్రతి బైట్ చేత్తో రాసుకున్నదే కాబట్టి ప్రతి బైట్ ఖరీదూ అతనికి తెలుసు.

ఇక పని చూద్దాం. వేరియబుల్‌లో 60 ఉందనుకోండి, షష్టిపూర్తి అయిన పెద్దమనిషి వయసు. దాన్ని పదుల లెక్కలో చూపించాలంటే పదితో భాగించాలి. యాపిల్-1లో ఉన్న 6502 ప్రాసెసర్‌కు భాగహారం రాదు, గుణకారమూ రాదు. పైగా భాగించుకుంటూ పోతే అంకెలు వెనక నుంచి ముందుకు వస్తాయి, తిప్పి పెట్టుకోవాలి. హెక్స్‌లో ఆ తంటా లేదు. బైట్‌ను నడిమికి విరిస్తే రెండు అంకెలు. 60 అంటే 3సి. పై సగం 3, కింది సగం 12, అంటే సి అక్షరం.

మొదటి భాగం పేరు పీఆర్‌బైట్. బైట్‌ను స్టాక్ మీద దాచి, అక్యుములేటర్‌ను నాలుగు సార్లు కుడివైపు జరుపుతుంది. 3సి కాస్తా 03 అవుతుంది. ఇప్పుడు పీఆర్‌హెక్స్ అనే సబ్‌రొటీన్‌ను పిలుస్తుంది. అది 3ని తెర మీద వేసి తిరిగొస్తుంది. స్టాక్ మీద దాచిన 3సిని మళ్లీ చేతిలోకి తీసుకుంటుంది. ఇక రెండో అంకె కోసం పీఆర్‌హెక్స్‌ను మళ్లీ పిలవాలి కదా. పిలవదు. పీఆర్‌బైట్ అక్కడితో అయిపోతుంది. తర్వాతి బైట్ పీఆర్‌హెక్స్ మొదటి బైటే. నడక ఆపకుండా అందులోకి జారిపోతుంది. మొదటిసారి పిలుపు మీద వెళ్లిన ఇంటికే రెండోసారి వాకిట్లోంచి నడిచి వెళ్లిపోతుందన్నమాట.

మొదటిసారి పిలిచి వెళ్లింది కాబట్టి పని కాగానే పిలిచిన చోటికి తిరిగొచ్చింది. రెండోసారి పిలవలేదు కాబట్టి, పని కాగానే అసలు పీఆర్‌బైట్‌ను పిలిచిన వాళ్ల దగ్గరికే తిన్నగా వెళ్తుంది. మళ్లీ పిలవడానికి మూడు బైట్లు, తిరిగి రావడానికి ఒకటి, మొత్తం నాలుగు మిగిలాయి. పీఆర్‌హెక్స్ కూడా చివర ఆగదు, ఎకో అనే మూడో భాగంలోకి అలాగే జారుతుంది. మూడు సబ్‌రొటీన్లు, మూడింటికీ కలిపి తిరిగి పంపే ఆదేశం, ఆర్‌టీఎస్, ఒకటే. మూడు వాటాల ఇంటికి ఒకే వీధి తలుపు.

నా మనసు దోచిన బైట్లు పీఆర్‌హెక్స్‌లో ఉన్నాయి. అందులో మొదటి ఆదేశం పై నాలుగు బిట్లనూ తుడిచి కింది అంకెను మాత్రం మిగులుస్తుంది. రెండోది దానికి హెక్స్ బి0ని ఓఆర్ చేస్తుంది. సున్నా అంకె ఆస్కీలో 30. పైన ఎనిమిదో బిట్ కూడా కలిపితే బి0. యాపిల్-1 కీబోర్డు నుంచి అక్షరాలు ఆ బిట్ పెట్టుకునే వస్తాయి, ప్రోగ్రాం మొత్తం అదే పద్ధతిలో నడుస్తుంది. నిజానికి ఇక్కడ 30 వాడినా తెర మీద అదే పడేది. ఒక పద్ధతి అనుకున్నాక అన్నిచోట్లా పాటించాడు, అంతే.

కలపడానికి కూడిక వాడకుండా ఓఆర్ ఎందుకు వాడాడు? 6502లో ఉత్త కూడిక లేదు. ఉన్న ఏడీసీ అనే ఒక్క కూడికా తోకగా క్యారీ బిట్‌ను కూడా కలిపేస్తుంది. అది వద్దనుకుంటే ముందు దాన్ని తుడవాలి, ఇంకో బైట్ ఖర్చు. బి0లో చివరి నాలుగు బిట్లూ సున్నాలే కాబట్టి ఓఆర్ చేసినా కూడినా ఒకటే. క్యారీ గొడవే లేదు. (ఈ వీలు ఆస్కీ అంకెలు చక్కగా 30 దగ్గర మొదలవడం వల్ల దొరికింది. యూనికోడ్‌లో మన తెలుగు అంకెలు 0సి66 దగ్గర మొదలై 0సి6ఎఫ్ దగ్గర ముగుస్తాయి. 66కు రెండును ఓఆర్ చేస్తే 66గానే ఉంటుంది, ౨ రావలసిన చోట ౦ వస్తుంది. మన అంకెలకు కూడిక తప్పదు.)

మూడో ఆదేశం ఫలితాన్ని హెక్స్ బిఎతో పోలుస్తుంది. తొమ్మిది అంకె బి9 కాబట్టి, బిఎ కన్నా తక్కువైతే అది అంకె. నేరుగా ఎకోకి దూకొచ్చు. మన మొదటి సగం బి3, దూకేస్తుంది. రెండో సగం బిసి. అంకె కాదు, అక్షరం కావాలి.

ఆస్కీలో తొమ్మిది తర్వాత వెంటనే ఏ రాదు. మధ్యలో కోలన్, సెమీకోలన్, ప్రశ్నార్థకం వగైరా ఏడు గుర్తులు అడ్డం పడుకుని ఉన్నాయి. వాటిని దాటాలంటే 7 కూడాలి. వోజ్నియాక్ రాసింది ఏడీసీ 6.

మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. కాగితం మీద వేసుకుంటే తెలిసింది. 6502లో పోలిక చేసినప్పుడు అక్యుములేటర్ విలువ ఎక్కువైనా సమానమైనా క్యారీ బిట్ 1 అవుతుంది. తక్కువైన వాళ్లంతా ముందు ఆదేశంలోనే దూకి వెళ్లిపోయారు. అంటే ఈ గడప దాకా వచ్చిన ప్రతి వాడి దగ్గరా క్యారీలో 1 ఉండి తీరుతుంది. ఏడీసీ దాన్ని ఎలాగూ కలుపుతుంది. ఆరూ ఒకటీ ఏడు. బిసికి ఏడు కలిస్తే సి3, అదే సి అక్షరం. నాబోటివాడైతే క్యారీని ముందు తుడిచి, తర్వాత 7 కూడేవాడు. తుడిచి పారేయాల్సిన చెత్త అనుకున్నదాన్ని అతను లెక్కలో వేసుకున్నాడు.

కంసాలి దగ్గర నగ చేయించుకుంటే మజూరీ కాక తరుగు అని ఒకటి కట్టించుకుంటారు, పనిలో రాలిపోయే పొడికి. ఇక్కడ పోలికలో రాలిన పొడి కూడా తర్వాతి పూసలోకి వెళ్లింది.

ఇంటెల్ వైపు కూడా ఇలాంటి పనితనం ఉంది. నా ఆఠీను కథ జరిగిన 8086లోనే సీఎంపీ 10, ఎస్‌బీబీ హెక్స్ 69, డీఏఎస్ అని మూడు ఆదేశాలు, ఐదు బైట్లు. సున్నా నుంచి పదిహేను దాకా దేన్నిచ్చినా దూకుడు లేకుండా సరైన ఆస్కీ అంకో అక్షరమో చేతిలో పెడుతుంది. అదీ క్యారీని వాడుకునేదే. చిన్నదే, కానీ చదివితే గారడీలా ఉంటుంది. కాగితం మీద పదహారు విలువలూ వేసి చూస్తే గాని నాకు నమ్మకం కుదరలేదు. ఏడీసీ 6 అలా కాదు. ఒక్కసారి అర్థమైతే మళ్లీ మర్చిపోలేం. అందుకే నా ఓటు దానికే.

ఎకో సంగతి తొందరగా చెప్పేస్తాను. తెర సిద్ధంగా ఉందా అని ఒక బిట్ చూసి, లేకపోతే తిరుగుతూ ఉండి, సిద్ధం కాగానే అక్షరాన్ని అందిస్తుంది. ఆ బిట్‌ను చూడటానికి బిట్ అనే పేరుగల ఆదేశాన్నే వాడాడు, ఎందుకంటే అది అక్యుములేటర్‌ను ముట్టుకోకుండానే చూసి చెబుతుంది. అక్షరం చేతిలోనే ఉంటుంది, ఎక్కడా దించి పెట్టనక్కర్లేదు. ఈ ఎదురుచూపు ఉత్తుత్తిది కాదు. యాపిల్-1 తెర సెకనుకు అరవై అక్షరాల కన్నా వేగంగా తీసుకోలేదు. వరసకు 40 చొప్పున 24 వరసలు నిండాలంటే పదహారు సెకన్లు.

ఈ పొదుపు ఒక్క చివరి 28 బైట్లకే పరిమితం కాదు. రీసెట్ మీట నొక్కగానే మానిటర్ వై రిజిస్టర్‌లో హెక్స్ 7ఎఫ్ వేస్తుంది. తెరకు వెళ్లే ఏడు తీగలూ బయటికి, ఎనిమిదోది లోపలికి అని చిప్పుకు చెప్పడానికి ఆ విలువ కావాలి. ఆ పని అయిపోయాక ప్రోగ్రాం, కీబోర్డు అక్షరాలను పరిశీలించే కోడ్‌లోకి ఊరికే జారిపోతుంది. అక్కడ వై అంటే వరసలో ఎన్నో అక్షరమన్న లెక్క. 7ఎఫ్‌కి ఒకటి కలిస్తే 80, అంటే వరస నిండిపోయిందని అర్థం. వరస నిండితే ఏం చెయ్యాలో అదే చేస్తుంది. బ్యాక్‌స్లాష్ గుర్తు వేసి, కొత్త వరస మొదలుపెడుతుంది. యాపిల్-1 వెలిగించి రీసెట్ నొక్కిన ప్రతివాడూ మొదట చూసే పలకరింపు ఆ బ్యాక్‌స్లాషే. దానికంటూ విడిగా ఒక్క బైట్ కూడా రాయలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 6502కు దశాంశ పద్ధతిలో కూడే మరో ధోరణి ఉంది. మీ ప్రోగ్రాం దాన్ని ఆన్ చేసి, ఆపడం మరచి పీఆర్‌బైట్‌ను పిలిస్తే ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలన్నీ తారుమారవుతాయి. మానిటర్ మొట్టమొదటి బైట్ ఆ ధోరణిని ఆపే ఆదేశమే గానీ, తర్వాత మీరు చేసేదానికి పూచీ మీదే. ఇంకోటి, మొదటి అంకె విషయంలో నాలుగు సార్లు జరిపాక పై బిట్లన్నీ ఎలాగూ సున్నాలే. అయినా పీఆర్‌హెక్స్ వాటిని మళ్లీ తుడుస్తుంది. బైట్లలో నష్టం లేదు, రెండు గడియారపు టిక్కులు వృథా. ఇంత పిసినారి పనిలో అది కంట్లో నలుసులా కనిపిస్తుంది.

మరుసటి ఏడాది, 1977లో, యాపిల్-2 వచ్చింది. మానిటర్ చాలా పెద్దదైంది, చోటుకు కరువు లేదు. అయినా పీఆర్‌బైట్ అలాగే వచ్చింది, 69 06 అనే ఆ రెండు బైట్లతో, అంటే ఏడీసీ 6తో సహా. మారిందల్లా చిరునామా. యాపిల్-1లో పీఆర్‌హెక్స్‌ను పిలిచే ఆదేశం 20, ఇ5, ఎఫ్‌ఎఫ్ అని ఉండేది. ఇక్కడ 20, ఇ5, ఎఫ్‌డీ. నడిమి ఇ5 రెండింట్లోనూ ఒకటే కదా అని దాటేయబోయి, వెనక్కి వచ్చి లెక్కపెట్టాను. కొత్త యంత్రంలో పీఆర్‌హెక్స్ మొదలయ్యేది ఇ3 దగ్గర. ఇ5 అంటే తుడిచే ఆదేశానికి రెండు బైట్ల అవతల, సరిగ్గా ఓఆర్ గడప మీద.