ఊరించిన ఆట, దాచిన ఆట

విడుదలకు ముందే అంచనాలు ఆకాశాన్నంటి ఆటను దెబ్బతీశాయి అనే మాట వీడియో గేమ్‌ల గురించి రాసేవాళ్లకు అలవాటైపోయింది. ఆ మాట వచ్చిందంటే రెండు పేర్లు జంటగా వస్తాయి: 2016 నాటి నో మ్యాన్స్ స్కై, 2020 నాటి సైబర్‌పంక్ 2077. రెండూ ఏళ్ల తరబడి ఊరించాయి, వచ్చిన రోజునే తిట్లు తిన్నాయి, తర్వాత నిదానంగా కోలుకున్నాయి. ఇంతవరకూ నిజమే. అయినా ఈ రెంటినీ ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పదు. మొదటి ఆటలో ఉన్న మంచిని హైప్ కనపడనివ్వలేదు. రెండో ఆటలో ఉన్న లోపాన్ని కనపడనివ్వలేదు.

హైప్ అంటే మన పాఠకులకు కొత్తగా చెప్పేదేముంది? ఫస్ట్ లుక్, టీజర్, ప్రీ రిలీజ్ ఈవెంట్, పొద్దున్నే మొదటి ఆట, మధ్యాహ్నానికల్లా టాక్. కానీ సినిమా ట్రైలర్ ‘ఇది చూస్తావు’ అని చెబుతుంది. గేమ్ ట్రైలర్ ‘ఇది నువ్వు చేస్తావు’ అని చెబుతుంది. చూడబోయేదాని గురించి కనే కలకి ఎక్కడో ఒక హద్దుంటుంది. చేయబోయేదాని గురించి కనే కలకి హద్దు లేదు. పైగా సినిమా టాక్ మూడు గంటల్లో తేలిపోతుంది. నలభై, యాభై గంటల ఆటకు నెలల ముందే ప్రీ-ఆర్డర్ డబ్బు కట్టేసి ఉంటారు.

నో మ్యాన్స్ స్కైని తయారుచేసింది ఇంగ్లండ్‌లో గిల్‌ఫర్డ్ అనే ఊళ్లోని హెలో గేమ్స్. 2013 డిసెంబర్‌లో వీజీఎక్స్ అనే గేమ్ అవార్డుల కార్యక్రమంలో దాన్ని మొదటిసారి చూపించినప్పుడు పనిచేస్తున్నది గుప్పెడు మందే. అదే నెల క్రిస్మస్ ముందురోజు వరద నీళ్లు వాళ్ల ఆఫీసును ముంచెత్తాయి. ఆర్నెల్లు తిరక్కుండానే సోనీ వాళ్లను ఈ3 అనే గేమ్ ప్రదర్శన పెద్ద వేదిక ఎక్కించింది. నీళ్ల దగ్గర పొడుగు మెడల జంతువులు, చెట్లను విరుచుకుంటూ దూసుకెళ్లే ఖడ్గమృగం లాంటి మృగం, అంతలోనే నేలనుంచి లేచి ఎక్కడా ఆగకుండా అంతరిక్షంలోకి వెళ్లిపోయే ఓడ. ఇక ఆ లెక్క: 1.84 లక్షల కోట్ల కోట్ల గ్రహాలు. రెండును అరవై నాలుగుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య అది. ఈ గ్రహాలేవీ డిస్కులో ఉండవు. ఒక అంకెను విత్తనంగా తీసుకుని, ఆటగాడు దగ్గరికి వెళ్లినప్పుడు గణిత సూత్రాలు కొండల్ని, ఆకుల్ని, జంతువుల్ని అప్పటికప్పుడు మొలిపిస్తాయి.

నిజంగా అబ్బురమైన పనే. కానీ అక్కడికెళ్లి ఏం చెయ్యాలన్నది ఆ అంకె చెప్పదు. ఆ ఖాళీని జనం నింపారు. యుద్ధాలు, వర్తక సామ్రాజ్యాలు, స్నేహితులతో కలిసి నక్షత్రయానాలు... ఎవరి ఆట వాళ్ల తలలో తయారైంది. సంస్థ అధిపతి షాన్ మర్రేకి కాదు అనే మాట నోట రాలేదు. 2015లో స్టీఫెన్ కోల్‌బేర్ టీవీ షోలో, ఇతర ఆటగాళ్లు ఎదురుపడతారా అని అడిగితే, అవుననీ, విశ్వం అంత పెద్దది కాబట్టి అది చాలా అరుదనీ అన్నాడు. విడుదల ముంగిట మాత్రం ఇది నలుగురూ కలిసి ఆడే ఆట కాదు, ఆ ఆశతో రావద్దని ట్వీట్ చేశాడు. అప్పటికి ఆలస్యమైపోయింది. 2016 ఆగస్టులో ఆట వచ్చిన కొన్ని గంటలకే ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరి నిలబడ్డారు. ఒకరికొకరు కనపడలేదు. ప్రత్యేక సంచిక పెట్టెల మీద ఆన్‌లైన్ ఆట గుర్తును కప్పుతూ అతికించిన చిన్న స్టిక్కర్ కూడా బయటపడింది. పీసీ ఆటల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఒక దశలో 2 లక్షల మందికి పైగా ఒకేసారి ఆడిన ఆట కొన్ని వారాల్లోనే ఖాళీ అయిపోయింది.

నేను అడిగేది ఒక్కటే. ఆ ఖాళీ ఇంట్లో మిగిలిందేమిటో ఎంతమంది చూశారు? మీరు పేరు తెలియని గ్రహం మీద, పాడైపోయిన ఓడ పక్కన కళ్లు తెరుస్తారు. ఎండో మంచో విషపు గాలో, వేసుకున్న సూటు హెచ్చరిస్తూనే ఉంటుంది. రాళ్లు కరిగించి, ఖనిజం ఏరి, ఓడ బాగుచేసుకుని పైకి లేపితే ఆకాశం రంగు మెల్లగా నల్లబడి చుక్కలు తేలతాయి. కాసేపటి కిందట కాళ్ల కింద ఉన్న నేల గుండ్రంగా, చిన్నదై కనిపిస్తుంది. అక్కడక్కడా నిలిపిన రాళ్లను తాకితే పరాయి జాతి భాషలో ఒక్కటంటే ఒక్క మాట నేర్చుకుంటారు. మాట తర్వాత మాట కూడబెట్టుకుంటూ పోతే, ఎప్పటికో ఒక గ్రహాంతరవాసి పలికే వాక్యంలో సగం అర్థమవుతుంది. ఒంటరితనాన్ని ఇంత ఓపిగ్గా, ఇంత పెద్ద స్థాయిలో పట్టుకున్న ఆటలు నాకు ఎక్కువ తెలియవు. లోపాలు లేవనను. జంతువులు కొన్నాళ్లకే అతుకుల బొమ్మల్లా అనిపిస్తాయి. చేసిన పనే మళ్లీ మళ్లీ చెయ్యాలి. అయినా వచ్చిన తిట్లలో ఎక్కువ భాగం ఈ ఆటకు తగిలినవి కావు. ఈ ఆట చోట ఉండాల్సిన, ఎక్కడా లేని ఇంకో ఆట కోసం తగిలినవి. బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ ఫిర్యాదులను పరిశీలించి, ప్రకటనలు తప్పుదోవ పట్టించేవి కావని ఆ నవంబర్‌లోనే తేల్చింది. ప్రకటనల వరకూ ఆ తీర్పు సరే. ఇంటర్వ్యూల్లో మర్రే తలూపిన తీరు మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది.

సైబర్‌పంక్ దగ్గరికొస్తే కథ వేరు. పోలండ్‌లోని సీడీ ప్రాజెక్ట్ రెడ్‌కు 2015లో ది విచర్ 3 తెచ్చిన పేరే పెద్ద పెట్టుబడి. 2019 ఈ3లో హాలీవుడ్ నటుడు కియానూ రీవ్స్ స్వయంగా వేదికెక్కి 2020 ఏప్రిల్ 16 అని తేదీ చెప్పాడు. ఆ తేదీ సెప్టెంబర్‌కు, నవంబర్‌కు, చివరికి డిసెంబర్ 10కి జరిగింది. 80 లక్షల ప్రీ-ఆర్డర్లు వచ్చాయి. ఇక్కడ జనం ఊహతో నింపుకోవాల్సిన ఖాళీ పెద్దగా లేదు. వీధులు, మనుషులు, కార్లు, సంభాషణలు అన్నీ ముందే చూపించారు. చూపించనిది ఒక్కటే, అప్పటికి కోట్ల ఇళ్లలో ఉన్న పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌ల మీద ఆ ఆట ఎలా నడుస్తుందన్నది. విడుదలకు కొద్ది రోజుల ముందు సంస్థ పెద్దలు మదుపరులతో, ఇంత పెద్ద ప్రపంచానికి ఆ కన్సోళ్ల మీద ఆశ్చర్యపోయేంత బాగా నడుస్తోందన్నారు. సమీక్షకులకు ఇచ్చింది పీసీ కాపీ మాత్రమే. తాము ఆడుతూ తీసుకున్న దృశ్యాలు కాకుండా సంస్థ ఇచ్చిన దృశ్యాలే వాడాలని షరతు.

పీసీ సమీక్షల్లో తొంభైకి పైగా మార్కులు కురిశాయి. ఆ వరుసలో గేమ్‌స్పాట్ వెబ్‌సైట్ సమీక్షకురాలు పదికి ఏడిచ్చింది. ఇంకా ఆట చేతికి రాని జనం ఆమె మీద పడి నానా మాటలూ అన్నారు. 2016లోనూ ఇంతే, విడుదల కొన్ని వారాలు వాయిదా పడిందన్నందుకే మర్రేకి చంపుతామన్న బెదిరింపులొచ్చాయి. ఈ ఒక్క విషయంలో రెండూ కవల పిల్లలు. ఆడని ఆటను సొంత బిడ్డలా వెనకేసుకొచ్చేంతగా హైప్ మనిషిని మార్చేయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. లక్షలమందిలో ముందుగా నిజం చెప్పిన గొంతునూ ఆ ప్రేమే నొక్కింది.

డిసెంబర్ 10న పాత కన్సోళ్లలో బయటపడింది అంచనాకూ వాస్తవానికీ మధ్య తేడా అనేంత సున్నితమైన విషయం కాదు. ఎదురుగా ఉన్న గుంపు, మీరు వెనక్కి తిరిగి మళ్లీ చూసేసరికి మాయం. మనుషుల ముఖాలు ముందు మైనం ముద్దల్లా వచ్చి, సెకన్ల తర్వాత కళ్లూ ముక్కూ ఏర్పడతాయి. పోలీసులు నేలలోంచి మొలిచినట్టు వీపు వెనక నిలబడతారు. పీసీలో సైతం సేవ్ ఫైలు 8 ఎంబీ దాటితే పాడైపోయేది. వారం తిరిగేసరికి సోనీ ఆ ఆటను తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచే తీసేసింది. అది తిరిగి వచ్చింది 2021 జూన్‌లో. పాత కన్సోళ్ల మీద ఆటను ముందుగా చూపించకపోవడం తప్పేనని సంస్థే ఒప్పుకుంది. ఈ ఆట గురించి ఒక్క టీజరూ రాకపోయినా, ఒక్క నటుడూ వేదికెక్కకపోయినా, ప్లేస్టేషన్ 4 కొనుక్కున్నవాడికి దక్కేది ఇదే. అందుకే ‘అంచనాలు పెంచుకున్నారు కాబట్టి నిరాశపడ్డారు’ అనే వివరణ ఇక్కడ నాకు అన్యాయంగా తోస్తుంది. పని చేసే వస్తువు ఇవ్వమనడం అత్యాశ ఎలా అవుతుంది?

తర్వాతి సంగతి ఇంకా ఆలోచించాల్సింది. హెలో గేమ్స్ తిట్ల మధ్య నోరు మూసుకుని పని చేసింది. 2016 నవంబర్‌లో ఫౌండేషన్ అప్‌డేట్, 2018లో నెక్స్ట్‌తో ఒకరికొకరు కనపడే అసలైన సామూహిక ఆట, ఆ పైన ఏటా కొత్త అప్‌డేట్లు. కొన్నవాళ్ల నుంచి ఒక్క పైసా అదనంగా అడగలేదు. 2024కి స్టీమ్‌లో మొత్తం తీర్పు ‘చాలా అనుకూలం’ అయింది. సైబర్‌పంక్‌కు 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చింది, వెంటనే ఫాంటమ్ లిబర్టీ అనే విస్తరణ వచ్చింది. ఆట గొప్పదైంది, నిస్సందేహంగా. ‘బెస్ట్ ఆన్‌గోయింగ్ గేమ్’ అవార్డును ద గేమ్ అవార్డ్స్‌లో 2020లో నో మ్యాన్స్ స్కై, 2023లో సైబర్‌పంక్ అందుకున్నాయి. రెంటికీ ఒకే కిరీటం. కానీ 2.0 ప్లేస్టేషన్ 4కి, ఎక్స్‌బాక్స్ వన్‌కి రాలేదు. ఆ కన్సోళ్లకు పెద్ద మార్పులు 1.6 అప్‌డేట్‌తోనే ఆగిపోయాయి. మొదటి రోజు మోసపోయామని గోల పెట్టినవాళ్లు ఎవరో, వాళ్లకే ఆ కోలుకున్న ఆట అందలేదు. కోలుకున్న కథ చుట్టూ లేచిన కొత్త హైప్‌లో ఈ మాట రాసినవాళ్లు తక్కువ. ఎవరైనా ‘సైబర్‌పంక్ ఇప్పుడు బాగుంది’ అంటే, ఎవరి చేతుల్లో బాగుంది అని నేను అడుగుతాను.

వీజీఎక్స్ వేదిక ఎక్కిన సరిగ్గా పదేళ్లకు, 2023 డిసెంబర్‌లో, షాన్ మర్రే మళ్లీ అలాంటి దీపాల కింద నిలబడ్డాడు. ఈసారి కోట్ల కోట్ల గ్రహాల ఊసు లేదు. లైట్ నో ఫైర్ అని కొత్త ఆట పేరు చెప్పాడు. అందులో ఉండేది ఒకే ఒక్క గ్రహం, భూమి అంతది. హాల్లో కూర్చున్నవాళ్లు అప్పటికే చప్పట్లు కొడుతున్నారు.