నాలుగు గుర్రాలు చాలు

బండి మీద లంబసింగి వెళ్ళొచ్చినవాణ్ణి ఒకసారి కదిపి చూడండి. మంచు గురించి చెబుతాడు, మలుపుల గురించి చెబుతాడు, చెరువులవేనం దగ్గర మబ్బులు కాళ్ళ కిందకి ఎలా వచ్చాయో ఫోన్ తీసి మరీ చూపిస్తాడు. విశాఖ నుంచి తాళ్ళపాలెం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద ఎలా వచ్చాడన్నది మాత్రం చెప్పడు. ఫోటోల్లోనూ ఆ ముక్క కనిపించదు. పెద్ద బండి మీద ఆశ కొండల్లో పుడుతుందని అందరూ అనుకుంటారు గానీ, నా లెక్క ప్రకారం అది పుట్టేది ఎవరూ చెప్పని ఆ ముక్కలోనే.

నాది 150 సీసీ పల్సర్. 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ ఉండితీరాలన్న నిబంధన 2019 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. నా బండి అంతకు ముందుది. చలికాలం వచ్చిందంటే దాని మీద ఒక చుట్టు తిరిగి రాకపోతే నాకు తోచదు. నర్సీపట్నం దాటి లంబసింగి ఎక్కుతాను. చింతపల్లి, జి.మాడుగుల, పాడేరు, హుకుంపేట మీదుగా అరకు. అక్కణ్ణుంచి అనంతగిరి ఘాట్‌లో శృంగవరపుకోటకి దిగి, కొత్తవలస, పెందుర్తి మీదుగా ఇంటికి. దీన్నంతా ఒక్క రోజులో చుట్టేసి వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళకి దణ్ణం. నేను పాడేరులోనో అరకులోనో రాత్రి ఆగుతాను.

ఆ దారిలో వేగం మన చేతిలో ఉండదు. కార్తీకంలో వెళితే చేలన్నీ వలిసె పూలతో పసుప్పచ్చగా ఉంటాయి, రెండు కిలోమీటర్లకోసారి ఎవరో ఒకరు రోడ్డు పక్కన కారాపి పూలలోకి దిగుతుంటారు. కోతలయ్యాక తారు రోడ్డే కళ్ళమైపోతుంది. చోడి వెన్నులు సగం రోడ్డు మీద పరిచేస్తారు, వచ్చీ పోయే చక్రాలే నూర్పిడి చేసిపెడతాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ గడ్డి మీద ముందు బ్రేకు పట్టారో, తెలుస్తుంది. సంత రోజైతే జీపు లోపల ఎంతమందో, పైన అంతమంది. అల్లం బస్తాలు, మేకలు, కొత్త ప్లాస్టిక్ కుర్చీలు, అన్నీ మనతోపాటే ఘాట్ ఎక్కుతుంటాయి. అనంతగిరి వైపు వచ్చేసరికి సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ తోటలు. అక్కడ ఎండ ఒక మలుపులో ఉంటే ఇంకో మలుపులో ఉండదు. తడారని రోడ్డు ఏ మలుపు వెనక ఉందో ముందుగా తెలీదు. ఇనుప ఖనిజాన్ని బైలదిల్లా నుంచి విశాఖ రేవుకి తేవడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కూడా ఇదే కొండల్లో సొరంగాల్లో దూరుతూ తేలుతూ ఎక్కుతుంది. గూడ్సు బండి కనిపించిందా, బండి పక్కకి తీసి పెట్టెలు లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

ఇలాంటి రోడ్డు మీద నలభై దాటితే ఎక్కువ.

ఆ నలభైలోనే నేర్చుకోవలసింది బోలెడుంది. చిన్న ఇంజనుతో ఘాట్ ఎక్కేటప్పుడు గేరు మలుపులోకి వెళ్ళాక కాదు, మలుపుకి ముందే తగ్గించాలి. మలుపు మధ్యలో క్లచ్ పట్టుకున్న బండి ఎటు పోతుందో దానికే తెలీదు. చూపు ముందు చక్రం దగ్గర కాకుండా మలుపు చివర ఉండాలి. ఘాట్‌లో కళ్ళు మోసం చేస్తాయి, ఎక్కుతున్న రోడ్డు చదునుగా కనిపిస్తుంది. ఇంజను మోసం చెయ్యదు. మూడో గేరులో దాని గొంతు బరువెక్కిందంటే వాలు పెరిగినట్టే, రెండుకి రావాలి. దిగేటప్పుడు పాత లారీ డ్రైవర్ల సూత్రం ఒకటుంది: ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే గేరు. వెనక డ్రమ్ము బ్రేకు తొక్కిపట్టి దిగుతూ ఉంటే అది కాగి, సరిగ్గా అవసరమైన చోట పట్టు వదిలేస్తుంది. ఇక ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. అది చట్టంలో ఉన్న రూలు. ఆర్టీసీ డ్రైవర్లు పాటిస్తారు. కార్లలో వచ్చే టూరిస్టుల్లో చాలామందికి అలాంటిదొకటి ఉందన్న సంగతే తెలీదు. హెయిర్‌పిన్ దగ్గర బస్సు రెండు వరసలూ తినేస్తూ తిరుగుతుంటే ఆగి దారిచ్చి, డ్రైవరుకి చెయ్యెత్తితే ఆయనా చెయ్యెత్తుతాడు. నాకు ఆ చెయ్యి చాలా ఇష్టం.

పెద్ద బండి ఆలోచన మొదలయ్యాక ఒక సాయంత్రం కాగితం తీసుకుని లెక్క వేశాను. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపి 290 కిలోలు అనుకున్నాను. వంద అడుగులకి ఆరడుగులు లేచే రోడ్డు, గంటకి నలభై వేగం. కొండ ఎక్కడానికి, గాలిని తోసుకుపోవడానికి, టైర్ల రాపిడికి అన్నిటికీ కలిపి చక్రం దగ్గర కావలసింది నాలుగు హార్స్‌పవర్లు, అంతే. నా ఇంజను పద్నాలుగు దాకా ఇస్తుంది. 100 సీసీ స్ప్లెండరైనా దాదాపు ఎనిమిది ఇస్తుంది. అంటే ఈ కొండలకి స్ప్లెండర్ చాలు. పాడేరు కుర్రాళ్ళు దాని మీద ముగ్గురేసి ఎక్కి రోజూ రుజువు చేస్తూనే ఉన్నారు, హెల్మెట్ లేకుండా.

అదే ఇద్దరు మనుషులు, అదే సామాను. ఈసారి చదునైన హైవే మీద తొంభైలో వెళ్ళాలి. లెక్క తొమ్మిది దగ్గర తేలింది. చదును మీద, కొండకి పట్టినదానికి రెట్టింపు కన్నా ఎక్కువ! కారణం గాలి. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కంటికి కనపడదు కాబట్టి మనం దాన్ని కొండ కింద లెక్కవెయ్యం. పద్నాలుగిచ్చే ఇంజనుకి తొమ్మిది పెట్టడం కష్టమేమీ కాదుగా అంటారేమో. ఆ పద్నాలుగూ ఇంజను గొంతు చించుకున్నప్పటి మాట, పైగా చక్రం దాకా వచ్చేసరికి అందులో కొంత పోతుంది. లారీ పక్కన చేరి దాన్ని దాటాలంటే మిగులుండాలి. లారీ ముక్కు దాటగానే గాలి ఒక్కసారి కొట్టి బండిని పక్కకి నెడుతుంది చూశారూ, సరిగ్గా ఆ క్షణంలో నా బండి దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ మిగలదు. నాకు పెద్ద బండి కావాలనిపించేది అప్పుడే. లంబసింగి మలుపుల్లో ఒక్కసారీ అనిపించలేదు.

మిత్రుడొకడు ఇంటర్‌సెప్టర్ 650 కొన్నాడు. 648 సీసీ, రెండు సిలిండర్లు, 47 హార్స్‌పవర్లు. శృంగవరపుకోట వైపు ఇద్దరం కలిసి బయల్దేరి బళ్ళు మార్చుకున్నాం. ముందు బైపాస్ మీద అనకాపల్లి వైపు కొంత దూరం పోయి వచ్చాను. తొంభై అంటే దానికి నడక. లారీని దాటాలనుకోవడమే మన వంతు, మణికట్టు ఒక్క రవ్వ కదిలితే దాటేసి ఉంటాం. గాలి గుండెల మీద కొడుతూనే ఉంది, బండి మాత్రం చలించలేదు. ఇంత దూరం వచ్చినట్టే లేదే అనుకున్నాను. తర్వాత ఘాట్ మొదలైంది. రెండో గేరు, మూడో గేరు, మళ్ళీ రెండో గేరు. ఆ నలభై ఏడులో నేను ఎన్ని వాడానని? హెయిర్‌పిన్‌లో 218 కిలోలని తిప్పేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. వాడు నా పల్సర్ మీద నా వెనకే వచ్చేశాడు, పెద్ద తేడా ఏమీ లేకుండా. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర దిగి, “నీ బండి మీద గేర్లు వెయ్యడం భలే సరదాగా ఉందిరా” అన్నాడు. వాడి ముఖం చూస్తే తాళం ఇచ్చేట్టు లేడు.

బరువు సంగతి పాడేరులో మెకానిక్ నాకు ఇంకా సూటిగా చెప్పాడు. గొలుసు బిగించడానికి ఆగి, మాటల్లో ఫలానా బండి అనుకుంటున్నానన్నాను.

“పెద్ద బండి కొంతారా ఏటి సార్?” అన్నాడు తల ఎత్తకుండానే. “పడితే ఎత్తడానికి మనిషి గావాల. ఇక్కడ రాత్రేళ మనిషెక్కడ దొరుకుతాడు?”

నిజమే కదా. ఘాట్‌లో ఎక్కడ ఆగినా గులకరాయి, మట్టి, ఏదో ఒక వాలు. ముందు చక్రం పల్లానికి పెట్టి నిలిపారంటే రెండు వందల కిలోల బండిని మళ్ళీ వెనక్కి లాగలేరు. ఇంకో మాటా అన్నాడు, తన దగ్గర వంద సీసీ, నూట యాభై సీసీ బళ్ళ సామాన్లుంటాయని, మిగతా వాటికి వైజాగే దిక్కని.

మా చిన్నప్పుడు ఊళ్ళో పెద్ద బండి అంటే బుల్లెట్టే. ఒకటి ఎస్సై గారిది, ఒకటి రోడ్ల కాంట్రాక్టరుది. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. కాంట్రాక్టరు గారు లుంగీ పైకి చెక్కి, యాంపియర్ మీటర్ ముల్లు మధ్యలోకి వచ్చేదాకా కిక్కు మెల్లగా ఆడించి, అప్పుడు లేచి ఒక్క తొక్కు తొక్కేవారు. మద్రాసులో 1955లో బిగించడం మొదలుపెట్టినప్పటి నుంచి దశాబ్దాల పాటు పెద్దగా మారని బండి అది. ఇంతా చేసి ఆ 350 ఇంజను ఇచ్చింది పద్దెనిమిది హార్స్‌పవర్లే, ఇవాళ్టి 150కి ఇంకో నాలుగు కలిపితే చాలు. దాని పెద్దతనం బరువులో ఉండేది, చప్పుడులో ఉండేది, మరీ ముఖ్యంగా ఎక్కినవాడి హోదాలో ఉండేది. నాలో ఇప్పటికీ ఆ చప్పుడు కోసం చెవి రిక్కించే కుర్రాడు ఒకడున్నాడు. వాణ్ణి లెక్కలతో ఒప్పించడం నా వల్ల కాదు.

వాడి పక్షాన ఇప్పుడు సర్కారు కూడా చేరింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బళ్ళకి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ పైవాటికి, అంతకు ముందు సెస్సుతో కలిపి 31 ఉన్నది, 40 అయింది. క్లాసిక్ 350 ఇంజను 349 సీసీ, గీతకి ఇవతల. 2023లో వచ్చిన ట్రయంఫ్ స్పీడ్ 400ది 398 సీసీ. 176 కిలోల బండి, నలభై దాకా హార్స్‌పవర్లు. బరువు తక్కువ, బలం ఎక్కువ, అంటే నా అవసరానికి సరిగ్గా సరిపోయేది. గీత గీసిన రోజున అది అవతల పడింది. క్లాసిక్ 195 కిలోలు, ఇరవై హార్స్‌పవర్లు. నా బండి కన్నా యాభై కిలోల బరువు ఎక్కువ మోసుకుంటూ ఆరు హార్స్‌పవర్లు మాత్రం ఎక్కువ తెచ్చుకోవడం బేరమేనా అని ఇంట్లో అడిగాను. “ముందు వెనక సీటు మీద నువ్వు కూచుని రా, తర్వాత ఇంజను గురించి మాట్లాడుకుందాం” అంది మా ఆవిడ. నర్సీపట్నం దాకా వెనక కూచున్న మనిషి నడుము ఏ కంపెనీ కాగితంలోనూ ఉండదు.

ఈ లెక్కలన్నీ రోడ్డు ఇలాగే ఉంటుందన్న నమ్మకం మీద వేసినవి. రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే ఎన్‌హెచ్ 516ఈ విస్తరణ పనుల్లో ఆ కొండల అంచులు చెక్కి రోడ్డు వెడల్పు చేస్తున్నారు. అక్కడి మనుషులకి అది కావాలి. అంబులెన్స్‌కి కావాలి, అల్లం బస్తాకి కావాలి, అందులో నా ఇష్టాయిష్టాలతో పని లేదు. కానీ నలభైలో ఎక్కే మలుపు డెబ్బైలో ఎక్కే మలుపైతే, నా కాగితం మీద నాలుగు కాస్తా తొమ్మిదవుతుంది. కొండ కూడా హైవే అయిపోతుంది. చోడి వెన్నులు ఆరబెట్టుకోవడానికి వాళ్ళు వేరే చోటు చూసుకోవాలి, నేను వేరే బండి చూసుకోవాలి.

అందుకే కాదుగానీ, పోయిన వారం ఒక షోరూముకి వెళ్ళాను. గీతకి ఇవతలి బండే అడిగాను. కుర్రాడు మర్యాదగా హెల్మెట్ ఇచ్చి, టెస్ట్ రైడ్‌కి బీచ్ రోడ్డు మీద ఒక రౌండు వేసి రమ్మన్నాడు. సముద్రం పక్కన ముప్ఫైలో ఏ బండైనా బాగానే ఉంటుంది. బైపాస్ మీదికి తీసుకెళ్తాను, వెనక మా ఆవిడ కూడా కూచుంటుంది, ఒక లారీని దాటి చూడాలి అన్నాను. మేనేజర్ గారినడిగి చెబుతానన్నాడు.