కాశీ ఎంత దూరం?

ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ ఎప్పుడో చదువుకునే రోజుల్లో తిరగేసి పక్కన పెట్టేశాను. ఈమధ్య మళ్ళీ చదివాను. చదివించింది మా అత్తగారు.

వీరాస్వామయ్యగారు చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. పల్లకీలూ బోయీలూ, సుమారు వందమంది పరివారంతో 1830 మే 18న బయలుదేరారు. కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, కలకత్తా, జగన్నాథం చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పైమాటే! దారిపొడుగునా స్నేహితుడు శ్రీనివాస పిళ్ళెగారికి రాస్తూ వచ్చిన సంగతులే, ఆయన పోయాక 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి.

ఇప్పుడో? చెన్నై నుంచి కాశీకి ఆకాశమార్గాన సుమారు 1,400 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానం దొరికితే రెండున్నర గంటలు. బాబత్‌పూర్‌లో దిగి ఊళ్ళోకి వెళ్ళడానికి ఇంకో గంట. కృష్ణ, గోదావరి మన కాళ్ళ కిందనుంచే జారిపోతాయి. మనం టిఫిన్ పొట్లం విప్పుకుంటూ ఉంటాం. అందుకే కాబోలు, ఈనాటి యాత్రా వ్యాసాలు చాలావరకు ‘విమానం దిగగానే’ అని మొదలవుతాయి. దారే లేదు!

వీరాస్వామయ్యగారి గొప్పదనమంతా దారిలోనే ఉంది. ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయి, నీళ్ళు ఎలాంటివి, దిగడానికి చోటుందా - ఇల్లాలు పద్దు రాసుకున్నట్టు రాసుకుంటూ పోతారు. సాహిత్యం ఏదీ అని అడిగేవాళ్ళు ఉండవచ్చు. నాకు మాత్రం ఆ పద్దే రుచించింది.

ఒక్కటే లోటు. ఆ బృందంలో వాళ్ళింటి ఆడవాళ్ళూ ఉన్నారు. అన్ని మజిలీల్లో వాళ్ళు మడి ఎక్కడ ఆరేసుకున్నారో, ఎవరి కాళ్ళు వాచాయో, వాళ్ళేమనుకున్నారో! వాళ్ళ నోటి మాట ఒక్కటైనా ఉందేమోనని వెతికాను. దొరకలేదు.

మొన్న మాఘమాసంలో డెబ్భైఎనిమిదేళ్ళ మా అత్తగారిని కాశీ తీసుకువెళ్ళాం. విమానం ఆగింది. ఆవిడ బెల్టు విప్పుకోకుండానే, “అప్పుడే వచ్చేశామా? ఇంతేనుటే కాశీ? ఇంత దగ్గరుంచుకుని నలభై ఏళ్ళపాటు దూరాభారం దూరాభారం అన్నారేమే మీ మామగారు?” అంది.

మావారు సంచుల కోసం పైకి చూస్తున్నారు. మామగారు పోయి పదేళ్ళయింది. ఆ పదేళ్ళూ పిల్లల పరీక్షలనీ, వేసవి ఎండలనీ చెప్పి, ‘దూరం కదా అత్తయ్యా, వచ్చే ఏడు చూద్దాం’ అన్నది నేనే. ఆ సంగతి ఆవిడకీ గుర్తుండే ఉంటుంది. నా పేరెత్తలేదు, అంతే.

తిరిగి వచ్చాక ఆవిడే పుస్తకం తీయించింది. చూపు ఆనదు కనుక సాయంత్రాలు నేనే చదివి వినిపిస్తున్నాను. ప్రతి మజిలీ దగ్గరా ఆపి, “మరి ఆడవాళ్ళెక్కడ దిగారుట?” అంటుంది.

“రాయలేదత్తయ్యా.”

“సరేలే, పైది చదువు.”