టేపు ముందు, పానా తర్వాత

కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో తయారైన అయిదో తరం షెవర్లే కార్వెట్ (1997–2004) కింద దూరి చూస్తే కాయిల్ స్ప్రింగులు కనిపించవు. ముందొకటి, వెనకొకటి ఫైబర్‌గ్లాస్ పట్టీలు అడ్డంగా ఉంటాయి. వాటి కొసల్లో ఎత్తు సరిచేసే బోల్టులను కంపెనీయే పెట్టింది. కొత్త సామాను కొనకుండా బండిని దించే విద్యంతా అక్కడే.

పనితనం తెలిసిన మెకానిక్ ముందు టేపు తీస్తాడు. నేల నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు చక్రాల దగ్గరా కొలిచి సుద్దతో రాసుకుంటాడు. జాకీతో ఎత్తాక ముందువైపు బోల్టును లోపలికి తిప్పుతాడు. వెనక పొడుగు బోల్టును మాత్రం వదులు చేస్తాడు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే!

జాకీ తీయగానే కొలిస్తే టేపు అబద్ధం చెబుతుంది. ఓ చుట్టు తోలుకొస్తేగాని బండి సర్దుకోదు. దిగింది అంగుళం లోపే అయినా చక్రాల వాలు మారుతుంది. అలైన్‌మెంట్ చేయించేదాకా మంచి మెకానిక్ తాళాలు చేతికివ్వడు.