తాకకుండా తీసే కొలత

మునిగిన యుద్ధనౌక సముద్రం అడుగున చరిత్రకు ఆధారం. అందులో ప్రాణాలు విడిచినవారికి అదే సమాధి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు వస్తాయి. ఆధారాన్ని పరిశీలించాలంటే దగ్గరకు వెళ్లాలి, విప్పి చూడాలి, కొన్ని భాగాలనైనా పైకి తేవాలి. సమాధినైతే కదిలించకూడదు. ఈ చిక్కును డిజిటల్ స్కానింగ్ చాలావరకు విప్పింది. శబ్దంతో, కాంతితో, ఛాయాచిత్రాలతో నౌక ఆకారాన్ని కొలిచి, ఒక్క రేకు కూడా ఊడదీయకుండా దాని త్రిమితీయ ప్రతిరూపాన్ని తయారుచేస్తారు.

ఈ పని ఎలా ఎదిగిందో తెలుసుకోవడానికి అమెరికా యుద్ధనౌక అరిజోనాను మించిన ఉదాహరణ లేదు. 1941 డిసెంబరు 7 ఉదయం హవాయిలోని పెర్ల్ హార్బర్ మీద జపాన్ విమానాలు దాడి చేశాయి. కవచాన్ని చీల్చే బాంబు ఒకటి అరిజోనా ముందుభాగంలో పడింది. దాంతో మందుగుండు గది పేలింది. 608 అడుగుల పొడవున్న ఆ నౌక నిమిషాల్లో రేవు అడుగుకు చేరింది. 1,177 మంది చనిపోయారు. నౌక బ్యాండులోని 21 మంది వాద్యకారుల్లో ఒక్కరూ మిగల్లేదు. తొమ్మిది వందల మందికి పైగా అవశేషాలు ఇప్పటికీ లోపలే ఉన్నాయి. వాస్తుశిల్పి ఆల్‌ఫ్రెడ్ ప్రైస్ రూపొందించిన తెల్లని స్మారక భవనం 1962లో ప్రారంభమైంది. అది నౌకకు అడ్డంగా నీటిపైన నిలిచి ఉంటుంది, నౌకను మాత్రం ఎక్కడా తాకదు. 

స్మారకం కట్టిన ఇరవై ఏళ్ల దాకా నీటి కింద నౌక ఏ స్థితిలో ఉందో చెప్పే సరైన పటం లేదు. 1983లో, 1984లో అమెరికా జాతీయ పార్కుల సంస్థ డైవర్లు డేనియల్ లెనిహాన్ నాయకత్వంలో ఆ లోటు తీర్చారు. నౌక పొడవునా తాళ్లు కట్టి, వాటి నుంచి ఒక్కో భాగానికి టేపుతో దూరాలు కొలిచి, నీటిలోనే పలకల మీద రాసుకుని, ఒడ్డుకు వచ్చి కాగితం మీద గీశారు. ఆ నీళ్లు మురికివి. కొద్ది అడుగులు దాటితే ఏమీ కనిపించదు. నౌక మొత్తాన్ని ఒక్కసారిగా చూసినవారు వాళ్లలో ఎవరూ లేరు. ముక్కలుగా చూసినదాన్ని కొలతలే ఒక్కటి చేశాయి. యుద్ధకాలంలో నౌక పైభాగాన్ని కోసి తీసుకుపోయినప్పుడే ఫిరంగులన్నీ వెళ్లిపోయాయని అప్పటిదాకా అనుకునేవారు. కానీ ముందరి ఫిరంగి బురుజు తన 14 అంగుళాల ఫిరంగులతో సహా అక్కడే ఉందని ఈ డైవర్లు కనుగొన్నారు. తాడు, టేపు, పెన్సిలు, ఓపిక తప్ప వారి చేతిలో పెద్ద పరికరాలేవీ లేవు. ఇప్పటి స్కానింగు ఆ కష్టం మీద కట్టిందే.

ఆధునిక పద్ధతుల్లో మొదట చెప్పుకోవలసింది మల్టీబీమ్ సోనార్. రేడియో తరంగాలు ఉప్పునీటిలో ఎంతో దూరం పోవు. వెలుతురూ త్వరగా చచ్చిపోతుంది. శబ్దం మాత్రం సముద్రపు నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో సాగిపోతుంది. సర్వే పడవ అడుగున అమర్చిన పరికరం విసనకర్ర విప్పినట్టు వందలాది సన్నని శబ్ద కిరణాలను ఒకేసారి కిందికి పంపుతుంది. ఒక్కో ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఒక్కో బిందువు దూరం లెక్క తేలుతుంది. చెప్పినంత తేలిక కాదిది. నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, లోతు మారితే శబ్ద వేగమూ మారుతుంది. అందుకే ముందుగా పై నుంచి అడుగు దాకా ఆ వేగాన్ని కొలిచి పెట్టుకుంటారు. అల మీద పడవ ఊగితే కిరణాలూ ఊగుతాయి కాబట్టి, ఆ ఊగును క్షణక్షణం నమోదు చేసే సెన్సారు ఉండాలి. పడవ ఎక్కడుందో చెప్పడానికి ఉపగ్రహ స్థాన నిర్ణయం కావాలి. ఇవన్నీ సరిచూశాక లక్షల బిందువుల సమూహం మిగులుతుంది. దాన్నే పాయింట్ క్లౌడ్ అంటారు. మురికినీరు, చీకటి సోనార్‌కు అడ్డు కావు. అయితే దానికి రంగు తెలియదు. సన్నని వివరాలూ అందవు.

ఆ వివరాలను పట్టేది ఫొటోగ్రామెట్రీ. నౌక చుట్టూ డైవరు గానీ, రిమోట్‌తో నడిచే యంత్రం గానీ తిరుగుతూ వేల ఫొటోలు తీస్తుంది. ప్రతి ఫొటోలో సగానికి మించిన భాగం పక్క ఫొటోలోనూ కనిపించేలా జాగ్రత్త పడాలి. ఒకే తుప్పు మచ్చ, ఒకే రివెట్టు వేర్వేరు కోణాల నుంచి తీసిన ఫొటోల్లో ఎక్కడెక్కడ పడిందో కంప్యూటర్ ప్రోగ్రాము పోల్చి, కెమెరా ఏ క్షణాన ఎక్కడ ఉందో, ఆ మచ్చ ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది. పనితనమంతా ఫొటో తీయడంలోనే ఉంది. నీటిలో ఎరుపు రంగు కొద్ది మీటర్లలోనే మాయమవుతుంది కాబట్టి దగ్గరగా దీపాలు కావాలి. ఆ దీపాల వెలుగు నీటిలో తేలే నలుసుల మీద పడి మెరవకుండా వాటిని పక్కకు వంచాలి. డైవరు రెక్క ఒక్కసారి అడుగుకు తగిలినా బురద లేచి ఆ పూట పని ఆగుతుంది. ఫొటోలకు తమంతట తాము పరిమాణం తెలియదు. అందుకే పొడవు తెలిసిన కొలబద్దలను నౌక పక్కన ఉంచి ఫొటోల్లో వచ్చేలా చూస్తారు. అవి లేకపోతే ఎంత అందమైన నమూనా వచ్చినా అది బొమ్మే, కొలత కాదు.

మూడోది లేజర్ స్కానింగ్. నీటి కింద ఆకుపచ్చ, నీలి కాంతులే కొంత దూరం పోగలవు కాబట్టి ఆ రంగుల లేజర్లే వాడతారు. నీరు తేటగా ఉంటే మిల్లీమీటర్ల స్థాయి వివరం దొరుకుతుంది. 2013, 2014లలో అరిజోనాకు ఈ పద్ధతులన్నిటినీ కలిపి వాడారు. జాతీయ పార్కుల సంస్థతో ఆటోడెస్క్ సంస్థ, మరికొన్ని సర్వే బృందాలు చేతులు కలిపాయి. పైనున్న స్మారక భవనాన్ని నేల మీది లేజర్లతో, నీటి కిందిదాన్ని సోనార్‌తో, లేజర్లతో, ఫొటోలతో కొలిచి అన్నిటినీ ఒకే నమూనాలో కూర్చారు. నౌక వంటశాల దగ్గర పడి ఉన్న ఒక వంటపాత్రను కూడా విడిగా త్రిమితిలో నమోదు చేశారు. ఫిరంగి నౌక బలాన్ని చెబుతుంది. ఆ ఉదయం అక్కడ మనుషులు తిని తిరుగుతున్నారని గుర్తుచేసేది ఆ పాత్రే.

అసలు విలువ మళ్లీ కొలవగలగడంలో ఉంది. అరిజోనా నుంచి నేటికీ చుక్కచుక్కగా చమురు పైకి వస్తూనే ఉంది. ఉక్కు తుప్పు పడుతోంది. కొన్నేళ్ల తర్వాత తీసిన స్కానును పాతదాని మీద పరిస్తే ఏ డెక్కు ఎంత కుంగిందో, ఏ గోడ వంగిందో తెలుస్తుంది. దాన్ని బట్టి కాపాడే మార్గం ఆలోచించవచ్చు. అరిజోనా నుంచి బతికి బయటపడినవారిలో చివరివాడైన లూ కాంటర్ 2024లో తన 102వ ఏట కన్నుమూశారు. చూసి చెప్పేవారు ఇక లేరు. సాక్ష్యం చెప్పవలసింది నౌకే.

ఆ సాక్ష్యం ఎంత చెప్పగలదో ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ విషయంలో తేలింది. 1941 నవంబరులో జర్మన్ నౌక కోర్మొరాన్‌తో పోరాడి అది 645 మందితో మునిగింది. ఒక్కరూ తిరిగి రాలేదు. దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతులో శిథిలాలు దొరికింది 2008లో. 2015లో కర్టిన్ విశ్వవిద్యాలయం, పశ్చిమ ఆస్ట్రేలియా మ్యూజియం కలిసి యంత్రాలను దింపి వివరంగా చిత్రించాయి. కెప్టెన్ నిలబడి నౌకను నడిపే బ్రిడ్జిని శత్రువు గుండు చీల్చుకుపోయిన ఆనవాలు ఆ చిత్రాల్లో దొరికింది. చివరి ఘడియలు ఎలా గడిచాయని దశాబ్దాలుగా అడుగుతున్న కుటుంబాలకు అది కొంతైనా జవాబు.

కొలిచి పెట్టకపోతే ఏమవుతుందో జావా సముద్రం చూపింది. 1942 ఫిబ్రవరి నాటి యుద్ధంలో మునిగిన డచ్ నౌకలు డి రాయ్టర్, జావా జాడను డైవర్లు 2002లో కనుగొన్నారు. 75వ వర్ధంతికి ముందు, 2016లో, మరో బృందం అక్కడికి వెళ్లేసరికి ఆ రెండూ లేవు. కోర్టెనార్ అనే మూడో నౌకలోనూ పెద్ద భాగం మాయమైంది. పాత ఇనుము కోసం దొంగలు కోసుకుపోయారు. సోనార్‌లో కనిపించినవి ఆ నౌకలు ఒకప్పుడు పడుకున్న గుంటలు మాత్రమే. వందలాది నావికుల సమాధులను తుక్కు కింద అమ్ముకోవడం ఘోరమైన నేరం. ఆ నేరాన్ని తిరుగులేకుండా రుజువు చేసింది కూడా స్కానింగే.

ఈ పద్ధతులకు హద్దులూ ఉన్నాయి. స్కానరు బయటి ఉపరితలాన్నే చూస్తుంది. ఉక్కు మీద పెరిగిన పగడాల, ఆల్చిప్పల పొర కింద లోహం ఎంత మిగిలిందో అది చెప్పలేదు. కంప్యూటర్ ఫైళ్ల ఆయుష్షు ఉక్కు కంటే తక్కువ. పదేళ్లకోసారైనా కొత్త రూపాల్లోకి మార్చి, ఒకటికి మించిన చోట్ల దాచకపోతే లక్షల బిందువులూ వృథా. స్థలం వివరాలు బయటపెడితే దొంగలకు దారి చూపినట్టవుతుందన్న భయమూ నిజమైనదే. అందుకే చాలా సంస్థలు నమూనాను అందరికీ చూపిస్తూ, స్థానాన్ని గుట్టుగా ఉంచుతాయి.

భారత తీరానికీ ఈ బాధ్యత ఉంది. 1971 డిసెంబరు 9న డయ్యూ తీరానికి దూరంగా ఐఎన్ఎస్ ఖుక్రి మునిగి, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు అమరులయ్యారు. డయ్యూలో గాజు పెట్టెలో ఉన్న ఖుక్రి నమూనా, నౌక ఎలా ఉండేదో చూపిస్తుంది. ఇప్పుడెలా ఉందో చూపించగలిగేది స్కాను మాత్రమే. అదే నెలలో విశాఖపట్నం ఎదుట 93 మందితో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 2017 నాటి తెలుగు సినిమాతో తెలుగువారందరికీ తెలిసిన పేరైంది. లోతు జలాల రక్షణ వాహనంతో దాని శిథిలాలను గుర్తించినట్టు 2024లో వార్తలు వచ్చాయి. మృతుల పట్ల గౌరవంతో నౌకాదళం వాటిని ముట్టుకోలేదు. ఘాజీ ఎలా మునిగిందన్నదానిపై రెండు దేశాల వాదనలు నేటికీ వేరు. పేలుడు బయట జరిగితే రేకు లోపలికి, లోపల జరిగితే బయటికి వంగుతుంది. ఆ వంపును చేయి తగలకుండా కొలిచే సాధనాలు ఇప్పుడున్నాయి. ఉక్కు పూర్తిగా కరిగిపోకముందే ఖుక్రినీ ఘాజీనీ పూర్తిగా కొలిచి, ఆ దస్త్రాలను చరిత్రకారులకూ నావికుల కుటుంబాలకూ అందుబాటులో ఉంచాలి.