నడకలా కనిపించే కష్టం

బాల్‌రూం పోటీల్లో స్టాండర్డ్ విభాగానికి ఐదు నృత్యాలు: వాల్ట్జ్, టాంగో, వియన్నీస్ వాల్ట్జ్, స్లో ఫాక్స్‌ట్రాట్, క్విక్‌స్టెప్. కొత్తగా చూసేవాళ్లకు వీటిలో తేలిగ్గా కనిపించేది ఫాక్స్‌ట్రాట్. టాంగోలోలా తల విసురు లేదు, క్విక్‌స్టెప్‌లోలా గెంతులు లేవు. టెయిల్‌కోటు వేసుకున్న ఒకాయన, పొడవాటి గౌనులో ఒకావిడ, ఒకరినొకరు పట్టుకుని హాలు చుట్టూ అప్రదక్షిణంగా నడుస్తున్నారు, అంతే. ఐదింటిలో కష్టమైనది ఏదని నేర్పేవాళ్లను అడగండి. చాలామంది దీని పేరే చెబుతారు.

ఎందుకంటే ఇందులో పాదాలు కలవవు. వాల్ట్జ్‌లో మామూలుగా మూడో దెబ్బకు రెండు పాదాలూ దగ్గరికి చేరతాయి. ఆ కాస్త వ్యవధిలో తూలిన ఒంటిని సర్దుకోవచ్చు, తప్పిన లయను అందుకోవచ్చు. ఫాక్స్‌ట్రాట్‌లో ఆ వెసులుబాటు లేదు. ఒక పాదం ఇంకోదాన్ని దాటుకుంటూ పోతూనే ఉంటుంది. మన కూచిపూడిలో పాదం నేలను తట్టి తాళం చెబుతుంది. ఇక్కడ పాదం నేలను రాసుకుంటూ పోవాలి, చప్పుడు వినిపించకూడదు.

సంగీతం నాలుగు దెబ్బల చతురశ్రం, నిమిషానికి సుమారు 28 నుంచి 30 బార్లు. స్లో అంటే రెండు దెబ్బలు, క్విక్ అంటే ఒకటి. ఒక స్లో, రెండు క్విక్‌లు కలిస్తే ఒక బార్ నిండుతుంది. లెక్క ఇంతే. చిక్కంతా ఆ స్లోలో ఉంది. దాని నిడివి దాదాపు ఒక సెకను. కొత్తవాడు మొదటి దెబ్బకే అడుగు వేసేసి రెండో దెబ్బ కోసం కాచుకుని నిలబడతాడు. తెలిసినవాడు ఆ సెకనంతా ప్రయాణంలోనే ఉంటాడు; బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి కొద్దికొద్దిగా జరుగుతుంది. మోకాలు వంచి మళ్లీ లేవడం కూడా ఎక్కడా కుదుపు కనిపించకుండా జరగాలి.

ఫెదర్ స్టెప్‌నే తీసుకుందాం. ఎవరైనా మొదట నేర్చుకునేది ఇదే, జీవితాంతం సాధన చేసేదీ ఇదే. అతను కుడికాలు మడమతో ముందుకు వేస్తాడు, అది స్లో. ఆ అడుగు చివర్లో ఒళ్లు పైకి లేవడం మొదలవుతుంది. ఎడమకాలు మునివేళ్ల మీద పడుతుంది, దానితోపాటు ఒంటి ఎడమ పక్క కాస్త ముందుకొస్తుంది. మూడో అడుగు కుడికాలిది. అది ఆమెకు ఎదురుగా కాక, ఆమె కుడి పక్కన వెలుపల పడుతుంది. అడుగు పక్కకు పోయినా ఇద్దరి ఒళ్ల మధ్య స్పర్శ తెగిపోకూడదు. ఆ అడుగు చివర మళ్లీ కిందికి దిగాలి. మూడడుగుల్లో ఇంత తతంగం ఉంది.

అతని సంగతి ఇలా ఉంటే ఆమె పని ఇంకా కష్టం. ఈ మూడడుగులూ ఆమె వెనక్కి వేయాలి, అదీ ఎత్తు మడమల మీద. తుంటి నుంచి కాలు వెనక్కి చాచి మునివేళ్లు ఆనించాలి. ముందున్న కాలి వేళ్లు లేచి, మడమ నేలను రాసుకుంటూ వెనక్కి రావాలి. ఆ తర్వాత రివర్స్ టర్న్‌లో హీల్ టర్న్ ఉంటుంది: కుడికాలు వెనక్కి వేసి, దాని మడమ మీదే తిరుగుతూ ఎడమకాలిని పక్కకు చేర్చడం. పాదాలు కలవవన్న నియమానికి ఇది మినహాయింపు. అతను తొందరపడితే ఆమె తూలుతుంది, కానీ చూసేవాళ్లు ఆమెనే తప్పుపడతారు.

ఈ నునుపు పుట్టుకతో వచ్చింది కాదు. 1914లో న్యూయార్క్‌లో ఇది గంతుల నడక. వోడ్విల్ నటుడు హ్యారీ ఫాక్స్ వల్ల ఆ పేరొచ్చిందని ఎక్కువమంది చెబుతారు. వెర్నన్, ఐరీన్ కాజిల్ దంపతులు దాన్ని ఊరూరా తెలిసేలా చేశారు. వాళ్ల బ్యాండ్ నడిపిన నల్లజాతి సంగీతకారుడు జేమ్స్ రీస్ యూరప్, డబ్ల్యు.సి. హ్యాండీ కూర్చిన ‘మెంఫిస్ బ్లూస్’ను నిదానంగా వాయించి వినిపించడం వల్లే ఆ జంటకు ఈ ఆలోచన తట్టిందని హ్యాండీ రాసుకున్నాడు. నా మటుకు నాకు ఇదే అసలు మూలమనిపిస్తుంది. బ్లూస్ లేకపోతే ఆ స్లో లేదు.

లండన్ చేరాక ఇంగ్లిష్ గురువులు దాని గంతులు తీసేశారు. జోసఫిన్ బ్రాడ్లీ, విక్టర్ సిల్వెస్టర్ వంటివాళ్లు అడుగుకు అడుగు, మడమకు మడమ నియమం రాశారు. బ్యాండ్లు వేగం పెంచేయడంతో 1920ల చివరికి అది రెండు పాయలైంది: నిదానంగా ఉన్నది స్లో ఫాక్స్‌ట్రాట్, వేగంగా ఉన్నది చార్లెస్టన్‌ను కలుపుకుని క్విక్‌స్టెప్. కొలతలు ఎక్కువై సరదా తగ్గిందని విమర్శించవచ్చు. అయితే అవే లేకపోతే ఇది కూడా ఆ కాలపు ఎన్నో నృత్యాల్లాగా నాలుగేళ్ల ముచ్చటై పోయేదే. అమెరికాలో మాత్రం పార్టీల ఫాక్స్‌ట్రాట్ తేలిగ్గానే మిగిలింది. 1954లో ‘రాక్ అరౌండ్ ది క్లాక్’ రికార్డు లేబుల్ మీద కూడా ఫాక్స్‌ట్రాట్ అనే అచ్చువేశారు! మన సికింద్రాబాద్ లాంటి రైల్వే ఊళ్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఆడినదీ ఈ తేలిక రకమే.

ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో 1920 నుంచి నృత్యోత్సవం జరుగుతోంది. ఎంప్రెస్ బాల్‌రూంలో జరిగిన ఫైనల్స్ వీడియోలు ఇంటర్నెట్‌లో సులువుగా దొరుకుతాయి. చూసేటప్పుడు మొహాల మీది నవ్వులను, గౌను మీది మెరుపులను వదిలేసి, వెనక్కి నడుస్తున్న ఆమె పాదాలు ఎక్కడైనా ఆగుతున్నాయా అని గమనించండి. జోడీ స్థాయి అక్కడే తేలిపోతుంది.